బోర్డు మీద ఒక ఊరు, పాస్‌పుస్తకంలో మరో ఊరు

ప్రశ్న: మాది పద్మనాభం మండలంలో గోస్తని నదికి దగ్గర్లో ఉన్న చిన్న వలస. రోడ్డు మీద బోర్డుకి మా ఊరి పేరే ఉంది. పాస్‌పుస్తకంలో మాత్రం పక్క ఊరి పేరు వస్తోంది. ఆ ఊరివాళ్లేమో గెడ్డ (వాగు) దాకా తమదే అంటున్నారు. మా పొలిమేర ఎక్కడ? అసలు ఈ పేరెలా వచ్చింది? – ఒక రైతు

జవాబు: ముందు టెన్షన్ పడకండి. పాస్‌పుస్తకంలో పక్క ఊరి పేరున్నంత మాత్రాన మీ భూమి వాళ్లదైపోదు. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి గొడవతో రైతులు మా ఆఫీసు మెట్లెక్కని ఏడాది లేదు.

బోర్డు మీదుండేది జనం పిలుచుకునే ఊరు. పాస్‌పుస్తకంలో, 1-బిలో (ఏ రైతు పేరు మీద ఏ భూమి ఉందో చూపే రికార్డులో) ఉండేది రెవెన్యూ గ్రామం. పంచాయతీ హద్దు మళ్లీ వేరు. మీది ఆ పక్క ఊరికి శివారు గ్రామం అయుంటుంది. అప్పుడు సర్వే నంబర్లన్నీ పెద్ద ఊరి పేరు మీదే నడుస్తాయి. మన వైపు పాలేలు, పేటలు, వలసలు చాలావాటిది ఇదే పరిస్థితి. కాబట్టి మీకూ వాళ్లకీ మధ్య రెవెన్యూ పొలిమేర అంటూ ఉండకపోవచ్చు. ఉన్న తగువంతా సర్వే నంబరు హద్దు గురించే కావచ్చు. ఇది తేల్చుకోకుండా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టడం దండగ.

ఇక గెడ్డ సంగతి. మన నేల కొండల నుంచి సముద్రానికి వాలి ఉంటుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో కలిసే గెడ్డలు వేసవిలో ఎండిపోతాయి, తుపాను వస్తే ఒడ్డుల్ని కోసేస్తాయి. నీళ్లు నాలుగు గజాలు పక్కకి జరిగితే, మిగిలిన ఇసుక నేల మాదంటే మాదని ఇరువైపులా వాదిస్తారు. సర్వే నాడు పటంలో గీసిన గీత మాత్రం నీళ్లతో పాటు జరగదు. పైగా గెడ్డ పోరంబోకు సర్కారుది. దానికి విడిగా నంబరుంటుంది. అంటే గెడ్డ మీదీ కాదు, వాళ్లదీ కాదు!

చేయాల్సిన పని చెబుతాను. మండల సర్వేయరు దగ్గర గ్రామ పటం, మీ నంబరు ఎఫ్.ఎం.బి. (ఆ సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) అడగండి. మూడు గ్రామాల హద్దులు కలిసే చోట పాతిన రాయిని పటంలో గుర్తుపట్టి, అక్కణ్ణుంచి కొలిపించండి. మీ పొలం హద్దు వరకే కావాలంటే గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ (పొలం హద్దు కొలిచి చూపమనే) దరఖాస్తు చాలు. పాత కొలతలు గొలుసుల్లో, లింకుల్లో ఉంటాయి. గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మీటర్లలోకి మార్చేటప్పుడు పక్కనే కూర్చుని చూసుకోండి. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన ఎస్.ఎఫ్.ఏ. (సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల పట్టిక) నకలు కూడా తీసుకోండి. ఎవరి అనుభవంలో ఎంత భూమి ఉందో, ఏది పోరంబోకో అందులో కనిపిస్తుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ గ్రామంలో పూర్తయి ఉంటే నంబర్లు మారి ఉంటాయి. పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాసి పెట్టుకోండి.

పేరు విషయానికొస్తే, తగరపువలస, చిట్టివలస మీకు తెలిసినవే. వేరే చోటి నుంచి జనం వచ్చి నిలిచిన ఊళ్లకి మన వైపు ఇలా ‘వలస’ అని పేరు పడటం మామూలే. మీ ఊరి పేరులో ముందు మాట ఒక ఇంటిపేరైతే, ఆ ఇంటిపేరువాళ్లు చుట్టుపక్కల ఎక్కడెక్కడ ఉన్నారో వాకబు చేయండి. మంగమారిపేట దగ్గర తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఆ పేరు గురించి ఎవరూ పేచీ పెట్టరు. మీ పేరుకి అలాంటి ఆనవాలు దొరికితే అదృష్టమే. దొరక్కపోతే ఎవరో చెప్పిన రాజుల కథ మాత్రం అతికించొద్దు. అమ్మవారి పండక్కి ఘటం ఎంతవరకు వెళ్లి తిరిగొస్తుందో పెద్దవాళ్లని అడగండి. అది కోర్టులో చెల్లదు గానీ, మీ తాతలు ఏది తమ ఊరనుకున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది.