2018, 2019లలో వచ్చిన యూదు సంగీతంలో మీకు బాగా నచ్చిన ఆల్బమ్‌లు ఏవి?

ఈ సంగీతం కొత్తగా వినేవాళ్లు ఆ రెండేళ్లలో వచ్చినవాటిలో దేనితో మొదలుపెట్టాలని కూడా అడిగారు. సమీక్షలు రాసే పని మీద అప్పట్లో చాలానే విన్నాను. నా మొదటి ఓటు 2018లో వచ్చిన 'యిడ్డిష్ గ్లోరీ'కే. రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ యూదుల పాటలవి.

నేనుండేది టొరంటోలో. ఆ ఆల్బమ్ మొదటిసారి ఆఫీసుకు వెళ్తూ బస్సులో విన్నాను. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్ నాకు రాదు. ఒక పాట హుషారుగా సాగుతుంటే పెళ్లి పాటేమో అనుకుని కాలితో తాళం వేస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి అనువాదం చదివితే, అది హిట్లర్‌కి పూరిమ్ కానుకలు పంపే పాట! పూరిమ్ అంటే, యూదులందర్నీ చంపించాలని చూసిన హామాన్ అనే పర్షియా మంత్రి పతనాన్ని తలుచుకునే పండుగ. ఆ రోజు ఒకరింటికి ఒకరు తినుబండారాలు పంపుకుంటారు. ఆ పాటలో హిట్లర్‌ని తీసుకెళ్లి హామాన్ పక్కన నిలబెట్టారు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే!

ఈ పాటలు కట్టింది పేరున్న కవులు కాదు. సోవియట్ ఎర్ర సైన్యంలో పోరాడిన యూదు సైనికులు, కజకిస్తాన్ లాంటి దూరప్రాంతాలకు తరలిపోయిన ఆడవాళ్లు, అన్నీ పోగొట్టుకున్న పిల్లలు. కీవ్‌లో పనిచేసిన మోయిసేయ్ బెరెగోవ్‌స్కీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వీటిని సేకరించారు. పుస్తకంగా తేవాలనుకున్నారు. ఈలోగా 1950లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసి, కాగితాలు స్వాధీనం చేసుకుంది. అవి ఇక లేవనే అనుకున్నారు. 1961లో ఆయన చనిపోయారు. 1990లలో కీవ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఆ కాగితాలు బయటపడ్డాయి. తర్వాత మా ఊరి విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆనా ష్టెర్న్‌షిస్ వాటిని చదివి, గాయకుడు ప్సోయ్ కొరొలెంకోతో కలిసి మళ్లీ పాటలుగా నిలబెట్టారు. చాలావాటికి మాటలే మిగిలాయి, బాణీలు లేవు. ఆ కాలపు బాణీల్లోంచి సరిపోయేవి కొరొలెంకో వెతికి కూర్చారు.

పదేళ్ల పిల్లవాడు తల్లి సమాధి గురించి కట్టిన పాట ఒకటుంది. ఆల్బమ్‌లోనూ దాన్ని ఒక పిల్లవాడే పాడాడు. దాన్ని నేను వరుసగా రెండుసార్లు ఎప్పుడూ వినలేకపోయాను.

ఒక్క అసంతృప్తి ఉంది. కొన్నిచోట్ల ఫిడేలు మరీ తియ్యగా పలికింది. అంత కోపమున్న మాటలకు కాస్త గరుకుదనం ఉండాల్సిందని నాకనిపిస్తుంది. గ్రామీకి నామినేట్ అయింది కానీ రాలేదు. వచ్చుంటే ఇంకా చాలామంది వినేవాళ్లు.

2019లో నాకు నచ్చింది 'అ-వా' అక్కచెల్లెళ్ల 'బైతి ఫీ రాసి'. 'నా ఇల్లు నా తలలోనే' అని అర్థం. యెమెన్ నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన వాళ్ల ముత్తవ్వ కథ ఇది. యెమెన్ యూదు ఆడవాళ్ల పాటలు అరబిక్‌లో నోటి నుంచి నోటికి వచ్చినవి. ఈ ముగ్గురూ అదే యాసలో, ఎలక్ట్రానిక్ దరువు మీద పాడతారు. ఒక పాట మొత్తం సంభాషణే: ఇల్లెక్కడ కట్టుకోను అని ఆవిడ అడిగితే, ప్రస్తుతానికి గుడారం ఉందిగా అంటారు. పని కావాలంటే ఊడ్చే పనో పొలం పనో చూపిస్తారు. భాష నేర్చుకుంటానంటే, ముందు నీ యాస వదిలెయ్యమంటారు. వేరే దేశం వచ్చి బతుకుతున్నదాన్ని కాబట్టి కాబోలు, ఆ యాస మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

మాటల గొడవ లేకుండా సంగీతం మాత్రమే కావాలంటే అదే ఏడాది వచ్చిన మైకేల్ వినొగ్రాడ్ 'కోషర్ స్టైల్' వినండి. క్లారినెట్ ముందు నడిచే క్లెజ్మర్, అంటే తూర్పు ఐరోపా యూదుల పెళ్లిళ్లలో వాయించే సంగీతం. స్వరరచన ఆయనదే, ఊపు మాత్రం పాత న్యూయార్క్ పెళ్లి బ్యాండ్లది.

'యిడ్డిష్ గ్లోరీ' మాత్రం ప్రయాణంలో పెట్టుకోకండి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని, అనువాదం ఎదురుగా పెట్టుకుని వినండి.