సోల, గిద్ద చూసి పుస్తకం మూసేయకండి

అమ్మమ్మగారి పాత వంటల పుస్తకంలో కొలతలు అర్థం కావట్లేదని, ఎక్కడ చూసినా నెయ్యే ఉందని, నెలాఖరు ఖర్చుకు అది పనికిరాదని రాశారు కదండీ. పనికొస్తుంది. పిండివంటల పేజీలు దాటేసి పచ్చళ్లు, పులుసుల దగ్గర ఆగండి.

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. సోల బియ్యానికి గిద్ద పప్పు అని ఉంటే మీ ఇంట్లో ఏ గ్లాసైనా సరే, నాలుగుకి ఒకటి పోయండి. తులం దాదాపు 11.7 గ్రాములు. శేరు దగ్గర మాత్రం జాగ్రత్త: కోస్తా లెక్కలో 24 తులాలు, అంటే 280 గ్రాములు, పక్కా శేరైతే 80 తులాలు. వంటకం చూస్తే ఏదో తెలిసిపోతుంది లెండి.

నేను వారానికోసారి చేసేది బీరపొట్టు పచ్చడి. లేత కాయల పొట్టు చెంచాడు నూనెలో పసరువాసన పోయి, అంచులు ముడుచుకునేదాకా వేయించాలి. చెంచా మినప్పప్పు, నాలుగు ఎండుమిర్చి విడిగా వేయించి, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా నూరండి. మెత్తగా చేస్తే రుచి పోతుంది. లోపలి కాయ పప్పులో వేసేయండి, ఒక్క కూరగాయతో రెండు పూటలు గడుస్తాయి.

నెయ్యి అంటారా, పోపులన్నీ నువ్వులనూనెతో పెట్టుకోవచ్చు. పప్పన్నంలోకి మాత్రం ఒక్క చుక్క ఉంచుకోండి, దానికి బదులు లేదు.