బ్రేకునీ ఫోర్కునీ విడదీసి రాయకు

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. పాత మోటార్‌సైకిళ్లంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. నువ్వు తప్పకుండా రాయాలి, రాస్తూనే ఉండాలి. అయితే ఒక్కచోట నాకు గట్టి అభ్యంతరం ఉంది. పాత బళ్లకు డ్రమ్ బ్రేకులు కాబట్టి సరిగా ఆగవు, కొత్తవాటికి డిస్కులు కాబట్టి ఆగుతాయి అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సస్పెన్షన్‌ని, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే స్ప్రింగుల ఫోర్కునీ వెనక షాక్‌లనీ, తీసుకెళ్లి వేరే పేరాలో పెట్టి, అది మెత్తగా ఉంది, ఇది గట్టిగా ఉంది అని ముగించావు. ఈ ఉత్తరం ఆ రెండు పేరాల గురించే.

ముందు ఆ "ఆగదు" అనే మాట తీసెయ్. ఎప్పుడు ఆగదు, ఎందుకు ఆగదు అన్నది రాయి. డ్రమ్ అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె. మామూలు డ్రమ్‌లో లోపలి గోడకు ఒత్తుకునే రెండు షూలు, వాటి మీద లైనర్లుంటాయి. వాటిలో ఒకదాన్ని తిరిగే డ్రమ్మే తన వైపు లాక్కుంటుంది. దాంతో మనం నొక్కిన దానికంటే ఎక్కువ పట్టు వస్తుంది. రెండోదాన్ని మాత్రం అదే డ్రమ్ వెనక్కి నెడుతుంది. అందుకే వేగం పెరిగిన బళ్లకు ముందు చక్రంలో లైనర్ లైనర్‌కీ దాన్ని తెరిచే క్యామ్ విడిగా పెట్టి, రెండింటినీ లాక్కునే వైపుకి తిప్పారు. ట్విన్ లీడింగ్ షూ అంటే అదే. ఇప్పుడు ఆ బండిని ఎత్తు మీద, ముందు చక్రం పైకి ఉండేలా నిలబెట్టి ముందు బ్రేకు ఒక్కటే పట్టుకో. లీవర్ గట్టిగా నొక్కినా బండి వెనక్కి జారాలని చూస్తుంది. చక్రం వెనక్కి తిరిగేసరికి లాక్కోవాల్సిన లైనర్లు రెండూ నెట్టబడేవి అయిపోతాయి మరి. ఇలాంటిది ఒక్కటి కళ్లకు కట్టినట్టు రాస్తే చాలు, డ్రమ్ ఎలా పనిచేస్తుందో చదివేవాడికి ఇక విడిగా చెప్పక్కర్లేదు.

వేడి సంగతీ అంతే. మంచి డ్రమ్ మొదటిసారి బ్రేకు వేసినప్పుడు బాగానే ఆపుతుంది. పొడవాటి దిగుడులో పదేపదే వేస్తే డ్రమ్ వేడెక్కి వ్యాకోచించి లైనర్లకు దూరం జరుగుతుంది, లీవర్ హ్యాండిల్ దగ్గరికి వచ్చేస్తుంది. డిస్క్ అంటే రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కి పట్టే పళ్లెం, అది వేడెక్కి మందమైతే ప్యాడ్ల వైపుకే జరుగుతుంది, పైగా గాలి తగిలేచోట ఉంటుంది. అలాగని తొలినాటి డిస్కులను నెత్తిన పెట్టుకోకు. 1970లలో చాలా బళ్లకు వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ డిస్కులు వానలో లీవర్ నొక్కగానే పలికేవి కావు. ఒక్క క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టేస్తాయి. ఆ క్షణంలో మనిషికి వచ్చే టెన్షన్ ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ ఉండదు. సుజుకి జీటీ750కి 1972లో ముందు చక్రానికి రెండు పక్కలా కలిపి నాలుగు లీడింగ్ షూలున్న డ్రమ్ పెట్టారు. మరుసటి ఏడాది మోడల్‌కే జంట డిస్కులు వచ్చాయి. డ్రమ్ తన పై మెట్టు మీద ఉన్నప్పుడే డిస్క్ దాన్ని పక్కకు నెట్టిందన్నమాట.

ఇక అసలు విషయం. చక్రం దగ్గర పుట్టిన బ్రేకు బలం ఫోర్కు గుండానే బండికి చేరుతుంది. ముందు బ్రేకు వేయగానే బరువు ముందుకు వచ్చి ఫోర్కు దిగుతుంది, దాంతో ఫోర్కు కోణం నిటారుగా మారి స్టీరింగ్ చురుకవుతుంది. స్ప్రింగులు మెత్తగా ఉంటే ఫోర్కు దిగగలిగిన దూరమంతా అక్కడే అయిపోతుంది. సరిగ్గా అప్పుడు గతుకు వస్తే టైరు నేలను వదిలి ఎగురుతుంది, గాల్లో ఉన్న చక్రం లాక్ అవుతుంది. చూసేవాళ్లు బ్రేకును తిడతారు. తప్పు ఫోర్కుది.

పాత ఫోర్కుల్లో కదలికను అదుపు చేసే ఆయిల్ కొన్ని స్థిరమైన రంధ్రాల గుండా పోవాలి. కదలిక నెమ్మదిగా ఉంటే ఆయిల్ సులువుగా జారిపోతుంది, ఫోర్కు తేలిగ్గా దిగుతుంది. పదునైన గతుకు తగిలితే అంత ఆయిల్ ఒక్కసారిగా పోలేక ఫోర్కు బిగుసుకుపోతుంది. ఒకే ఫోర్కు బ్రేకు వేసినప్పుడు మెత్తగానూ, గతుకు మీద కర్రలాగానూ ఉండేది అందుకే. నువ్వు రాసిన "మెత్తగా ఉంది" అన్న మాట అందులో సగమే చెబుతుంది.

1955 నుంచి 1969 దాకా బీఎండబ్ల్యూ తన బళ్లకు ఎర్ల్స్ ఫోర్కు వాడింది. అందులో చక్రం వెనక కీలు మీద ఊగే చేతులు చక్రాన్ని పట్టుకుంటాయి. దాని మీద ముందు బ్రేకు గట్టిగా వేస్తే ముందు భాగం కిందికి దిగదు సరికదా, కాస్త లేస్తుంది. గొట్టంలో గొట్టం జారే మామూలు టెలిస్కోపిక్ ఫోర్కుకు అలవాటుపడ్డ చేతులకు అది చాలా వింతగా ఉంటుంది. 1980ల మొదట్లో సుజుకి బ్రేకు ఆయిల్ ఒత్తిడినే వాడి ఫోర్కులోని వాల్వు మూసే యాంటీ డైవ్, అంటే ఫోర్కు దిగడాన్ని తగ్గించే ఏర్పాటు, తెచ్చింది. దిగడం తగ్గింది గానీ లీవర్ కొంచెం స్పాంజిలా అయిందని చాలామంది దాన్ని తీసేయించుకున్నారు. బ్రేకూ ఫోర్కూ ఎంత ముడిపడి ఉన్నాయో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

పోలిక కావాలంటే దగ్గరి బళ్లను తీసుకో. 1973 యమహా ఆర్‌డీ350కి ముందు డిస్క్ ఉంది. దాన్నుంచే 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి ముందు డ్రమ్ పెట్టారు. రెండూ టూస్ట్రోక్‌లే, యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ పెద్దగా పట్టి ఆపదు. వేగం తగ్గించే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అంటే ఒకే రకం బండి మీద డిస్క్‌కీ డ్రమ్‌కీ ఉన్న తేడా విడిగా కనిపిస్తుంది. 1969 హోండా సీబీ750 గురించి అందరూ ముందు డిస్క్ అని మాత్రమే రాస్తారు. దాని వెనక చక్రానికి డ్రమ్మే ఉందనీ, ఫోర్కు గొట్టాల లావు 35 మిల్లీమీటర్లేననీ నువ్వు రాయి.

వెనక షాక్‌ల రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని రాశావు. గట్టిపడదు, బండి వెనక భాగం ఎత్తు మాత్రమే మారుతుంది. ఆ వాక్యం కొట్టెయ్.

ఇంకో మాట, ఇది నేను చాలా గట్టిగా నమ్ముతాను. నువ్వు ఈరోజు నడిపిన పాత బండి ఆనాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి కాదు. లైనర్లు మెరుపెక్కి ఉంటాయి, కేబుల్ సాగి ఉంటుంది, స్ప్రింగులు కుంగి ఉంటాయి, డిస్క్ బండి అయితే రబ్బరు గొట్టం నొక్కినప్పుడల్లా ఉబ్బుతుంది. డ్రమ్ బండి దగ్గర వంగి కూర్చుని బ్రేకు పూర్తిగా నొక్కించి చూడు. కేబుల్‌కీ బ్రేకు ఆర్మ్‌కీ మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. ఆర్మ్ ఆ కోణం దాటిపోయి ఉంటే లైనర్లు అరిగాయని అర్థం. నట్టు ఎంత బిగించినా పాత బలం రాదు. అలాంటి బండి నడిపి ఆ మోడల్ మొత్తానికీ తీర్పు చెప్పడం అన్యాయం. బండి ఏ స్థితిలో ఉందో రెండు వాక్యాలు ముందే రాసేసి, ఆ తర్వాత నీ అభిప్రాయం చెప్పు.

వ్యాసంలో నువ్వు మెచ్చుకున్న ఆ బండి యజమానిని ఫోర్కు ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చాడో అడుగు. మార్చి చాలాకాలమైతే మార్పించి, బండి ఇంకోసారి నడిపి, ఆ రెండు పేరాలనూ ఒకటే చేసి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తూ ఉంటాను.

ప్రేమతో,
అన్నయ్య