బందరులో పత్రిక పెడతానన్న అమ్మాయికి

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడి ఉద్యోగం మానేసి బందరులో వారపత్రిక పెడతానన్నావట. మీ నాన్నకు టెన్షన్, నాకు సంతోషం. ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రిక నడిపిన ఊరది. ఆ పత్రిక ఆంధ్రదేశమంతటితో మాట్లాడింది. నువ్వు మాత్రం ఊరితోనే మాట్లాడు. రాష్ట్ర రాజకీయాలు చూసుకోవడానికి పెద్ద పత్రికలున్నాయి. గిలకలదిండి రేవులో ఈ వారం ఏం జరిగిందో ఓపిగ్గా రాసేవాళ్లే తక్కువ.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో చేపల వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకారులకిచ్చే భృతి జమ చేశామని ఆఫీసువాళ్లు చెప్తారు. అది రాయి. రాసేముందు రేవుకు వెళ్లి, ఆ డబ్బు పడనివాళ్లెవరో, ఎందుకు పడలేదో అడుగు. చేపలమ్మే ఆడవాళ్లను తప్పకుండా అడగాలి, ఏ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో వాళ్లకు తెలుస్తుంది.

ఇక తుపాను. వారపత్రిక తుపాను వెంట పరిగెత్తలేదు, కాబట్టి అక్టోబరు రాకముందే నీ పని అయిపోవాలి. ‘రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు’ అని ఏటా చదువుతాం. ఎంతమందికి అర్థమవుతుంది? ఒకటి, రెండు అంటే ముప్పు ఇంకా దూరంలో ఉన్నట్టు. మూడు, నాలుగు అంటే రేవుకే గాలుల బెడద. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇదంతా పెద్దక్షరాల్లో, గోడకు అంటించుకునేలా అచ్చువెయ్యి. కింద ఏ పేటవాళ్లు ఏ షెల్టరుకు వెళ్లాలో, దాని తాళం ఎవరి దగ్గరుందో రాయి. తాళం సంగతి నువ్వే వెళ్లి చూసి రాయాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయమ్మా.

డబ్బు విషయం. మా పేటలో ఇంటింటికీ ఉచితంగా వేసే మైలాపూర్ టైమ్స్ చుట్టుపక్కల దుకాణాల ప్రకటనల మీదే నడుస్తోంది. బందరులోనూ బట్టల కొట్లు, ట్యూషన్ సెంటర్లు ఇస్తాయి. కానీ వార్త రాసేవాడి చేత ప్రకటనలు తెప్పించకు. చిన్న ఊళ్లలో విలేకరి పరువు పోయేది అక్కడే. పొద్దున ప్రకటన అడిగిన కొట్టు మీద సాయంత్రం కల్తీ సరుకు అమ్ముతోందని వార్త ఎలా రాస్తాడు? ప్రకటనలకు వేరే మనిషిని పెట్టుకో, జీతం తక్కువైనా సరే.

రిజిస్ట్రేషన్ ఇప్పుడు 2023 చట్టం ప్రకారం ఆన్‌లైన్లోనే. టైటిల్‌కూ, రిజిస్ట్రేషన్‌కూ కలిపే అప్లై చెయ్యి.

చావు కబుర్లలో ఇంటిపేరు తప్పు పడితే ఆ కుటుంబం జన్మలో మర్చిపోదు. మొదటి కొన్ని సంచికలు ప్రెస్సుకు వెళ్లేముందు పీడీఎఫ్ నాకు పంపు, రాత్రి ఎంతైనా కూర్చుని చూస్తాను.

మీ పెదనాన్న