‘అవ్వ కొండ మీద ఉంది’ అని చెప్పాం, బాబు రోజూ మేడెక్కి చూస్తున్నాడు

ప్రశ్న: మాది తిరుపతి. మావారికి శ్రీసిటీలో షిఫ్టుల ఉద్యోగం. మా బాబుకు ఆరేళ్ళు, ఒకటో తరగతి చదువుతున్నాడు. వాణ్ణి పెంచింది మా అత్తగారే. రెండు నెలల కిందట ఆమెకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చాం. రెండో రోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు బాబు స్కూల్లో ఉన్నాడు. ఆ సాయంత్రమే వాణ్ణి పుత్తూరులో మా అమ్మావాళ్ళింటికి పంపేశాం. దినాలు అయ్యాక తెచ్చుకున్నాం. ‘అవ్వ ఏదమ్మా’ అంటే ‘కొండ మీద స్వామి దగ్గరికి పోయింది’ అని చెప్పాం. అప్పటి నుంచి రోజూ సాయంత్రం మేడెక్కి కొండ వైపు చూస్తూ నిలబడతాడు. ‘మనమూ పోదాం పద’ అంటాడు. ఏడాది దాకా పోకూడదని చెప్తే ఏడుస్తాడు. పొద్దున స్కూలు ఆటో వచ్చే వేళకు కడుపునొప్పి అంటాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. రాత్రి లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు. క్లాసులో ఏడ్చాడని టీచర్ ఒక రోజు బయట నిలబెట్టారట. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. మావారు ‘వాడి ముందు అమ్మ మాట ఎత్తొద్దు, వాడే మరిచిపోతాడు’ అని ఆమె వక్కాకు సంచి కూడా బీరువాలో దాచేశారు. ఆమెకు నొప్పి వచ్చిన రోజు పొద్దున, ఫోను ఇవ్వలేదని ‘నువ్వు పో అవ్వా’ అని అరిచి స్కూలుకు పోయాడు వీడు. అది తలుచుకుంటే ఇంకా బాధ. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘నువ్వు పో అవ్వా’ అన్నాడు, సాయంత్రం వచ్చేసరికి అవ్వ లేదు. ఆరేళ్ళ బుర్రకు ఆ రెండింటినీ కలిపేయడానికి ఒక్క క్షణం చాలు. నేను పొమ్మన్నాను కాబట్టే పోయింది అనుకుంటాడు. ఈ వయసు పిల్లలు తాము అనుకున్నదీ, కోపంలో అన్నదీ నిజంగా జరిగిపోతుందని నమ్ముతారు. ఆ భయాన్ని బయటికి చెప్పరు, చెప్పడానికి మాటలూ ఉండవు. పైగా మీరంతా అవ్వ పేరు ఎత్తడం మానేశారు. సంచి కూడా కనబడకుండా పోయింది. అంటే నిజంగా నేనేదో పెద్ద తప్పు చేశాను, అందుకే ఎవరూ మాట్లాడటం లేదు అని వాడికి అనిపిస్తూ ఉండొచ్చు.

మీరు మంచికే చేశారు, అందులో నాకు సందేహం లేదు. ‘స్వామి దగ్గరికి పోయింది’ అనే మాట మన ఇళ్ళలో తరాలుగా ఉన్నదే. కానీ తిరుపతిలో పెరిగే పిల్లవాడికి స్వామి ఎక్కడో పైలోకంలో లేడు కదా. మేడ మీదికి పోతే కొండ కనిపిస్తుంది. చీకటి పడగానే గాలిగోపురం దగ్గర నామాలు, శంఖుచక్రాలు వెలుగుతాయి. అలిపిరి నుంచి బస్సులు పోతూనే ఉంటాయి. వాడి లెక్కలో అవ్వ గంట ప్రయాణం దూరంలో ఉంది. అయినా తను రాదు, మీరు తీసుకుపోరు. రెండు నెలలుగా వాడు అవ్వ కోసం ఎదురుచూస్తున్నాడమ్మా. ఇది మొండితనం అనుకోవద్దు.

నాకు ఆరేళ్ళప్పుడు మా తాత పోయాడు. ‘తాత ఊరికి పోయినాడు’ అన్నారు ఇంట్లో. ఆ తర్వాత చిత్తూరు బస్టాండుకు పోయిన ప్రతిసారీ, బస్సు దిగేవాళ్ళలో తెల్ల పంచె కట్టుకున్నవాళ్ళ ముఖాలన్నీ చూసేదాన్ని. నిజం తెలిసింది తోటి పిల్లల నోటి వెంట. తాత పోయిన దుఃఖం కంటే ఇంట్లోవాళ్ళు నాకు చెప్పలేదన్న దుఃఖమే ఎక్కువకాలం ఉండిపోయింది.

కాబట్టి మీ బాబుకు నిజం చెప్పండి. ‘చనిపోయింది’ అనే మాటనే వాడండి. దూరంగా పోయింది, దేవుడు తీసుకుపోయాడు, నిద్రపోయింది వంటి మాటలు ఇప్పుడు వద్దు. ‘పుణ్యాత్మురాలు, నిద్రలోనే పోయింది’ అని పలకరింపుకు వచ్చినవాళ్ళు అనే ఉంటారు. పెద్దలకు అది ఓదార్పే. విన్న పిల్లవాడికి మాత్రం నిద్రంటేనే భయం. మీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది అందుకేనని నాకు అనిపిస్తోంది.

ఎలా చెప్పాలి అంటారా? వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, టీవీ ఆపేసి, ఇలా చెప్పండి: ‘నాయనా, అవ్వ చనిపోయింది. చనిపోవడం అంటే ఒళ్ళు పని చేయడం ఆగిపోవడం. గుండె కొట్టుకోదు, ఊపిరి ఆడదు. ఆకలి వేయదు, నొప్పి ఉండదు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. అవ్వ గుండెకు చాలా పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు మందులు ఇచ్చారు, తగ్గలేదు. నీకు జలుబు చేస్తే, జ్వరం వస్తే తగ్గిపోతుంది కదా, ఇది అట్లాంటిది కాదు. నిద్రపోవడం వల్ల ఎవరూ చనిపోరు. అవ్వ కొండ మీద ఉంది అని మేం చెప్పింది సరిగ్గా చెప్పలేదు, అందుకే నీకు అట్లా అనిపించింది.’

తర్వాత, వాడు అడిగినా అడగకపోయినా, ఈ మాట తప్పకుండా చెప్పండి: ‘ఆ రోజు నువ్వు పో అవ్వా అన్నావు గుర్తుందా? కోపం వస్తే అందరం అంటాం. ఆ మాట వల్ల అవ్వకు ఏమీ కాలేదు. మాటలతో ఎవరి గుండే ఆగదు. నువ్వు అట్లా అంటావని అవ్వకు తెలుసు, సాయంత్రానికి మళ్ళీ ఒళ్ళోకి వస్తావనీ తెలుసు.’ ఇది ఒక్కసారి చెప్తే సరిపోదు. వాడు వారానికోసారి అదే అడగొచ్చు, మీరూ అదే జవాబు విసుక్కోకుండా చెప్పాలి. ఐదారేళ్ళవాళ్ళకు ‘ఇక తిరిగి రారు’ అనేది ఒక్క రోజులో ఎక్కదు. ఇవాళ ఏడుస్తాడు, పది నిమిషాల్లో బయటికి పోయి ఆడుకుంటాడు, రేపు ‘అవ్వ నా పుట్టినరోజుకు వస్తుందా’ అంటాడు. ఈ వయసులో దుఃఖం అట్లాగే వచ్చి పోతూ ఉంటుంది.

మీ భక్తిని పక్కన పెట్టమని నేను అనడం లేదు. అవ్వ స్వామిలో కలిసిపోయింది అని మీరు నమ్మితే అదీ చెప్పండి, కానీ ముందు ‘చనిపోయింది’ అన్న మాట చెప్పి, ఆ తర్వాతే అది చెప్పండి. ఏడాదిపాటు కొండకు పోకపోవడం గురించి కూడా విడమరిచి చెప్పండి: అది మన ఇంటి పద్ధతి, ఎవరూ తప్పు చేసినందుకు వేసిన శిక్ష కాదు అని. ‘వచ్చే ఏడు స్వామి దగ్గరికి పోదాంలే’ అని ఊరడించి వదిలేస్తే, రేపు దర్శనం క్యూలో నిలబడి లోపల అవ్వ కోసం వెతుకుతాడు.

పొద్దుటి కడుపునొప్పికి వద్దాం. నటన అనుకోవద్దు, నొప్పి నిజమే. భయం పిల్లలకు చాలాసార్లు కడుపులోనే తెలుస్తుంది. వాడి అనుభవం చూడండి: ఒక రోజు స్కూలుకు పోయాడు, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి లేదు. మళ్ళీ పోతే అమ్మ ఉంటుందా? స్కూలు మాత్రం మాన్పించకండి, మానే కొద్దీ ఆ భయం బలపడుతుంది. ఆటో ఎక్కేముందు ‘నువ్వు వచ్చేసరికి నేను గేటు దగ్గర ఉంటా’ అని చెప్పి, కచ్చితంగా ఉండండి. ఉండలేని రోజు ఎవరు ఉంటారో ముందే చెప్పండి. అత్తగారి పాత చీర నుంచి చేతి రుమాలంత ముక్క కత్తిరించి స్కూలు బ్యాగులో పెట్టండి. తాకి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉంటే వాడికి ధైర్యం.

టీచర్‌తో మీరే పోయి మాట్లాడండి. రెండు నెలల కిందట ఇంట్లో ఇట్లా జరిగింది, ఏడిస్తే ఐదు నిమిషాలు మీ పక్కన కూర్చోబెట్టుకోండి అని అడగండి. చాలామంది టీచర్లు విషయం తెలిస్తే మెత్తబడతారు. తెలిసీ అదే పని చేస్తే ప్రధానోపాధ్యాయుల దగ్గరికి పోండి. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తోంది. ఏడ్చినందుకు బయట నిలబెట్టడం నా దృష్టిలో శిక్షే.

ఇక పక్క తడపడం సంగతి. ముందుగా పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా ఇలా మళ్ళీ మొదలవుతుంది. ఎక్కువగా దాహం వేయడం, బరువు తగ్గడం ఉంటే షుగర్ పరీక్షా చేయిస్తారు, ఆలస్యం చేయకండి. అవేవీ లేకపోతే ఇది చాలావరకు దిగులు వల్లే అయి ఉంటుంది. బంధువుల ముందు ఆ ఊసు ఎత్తకండి. రాత్రి తడిస్తే దుప్పటి మార్చి, ఏమీ అనకుండా పడుకోబెట్టండి. దిష్టి తీయడం వల్ల మీకు మనశ్శాంతి అనిపిస్తే తీయండి, తాయెత్తూ ఉండనివ్వండి. వాటితో ఆగిపోకండి, అంతే.

ఆ వక్కాకు సంచి బయటికి తీయండి. వాడి చేతికే ఇవ్వండి. అవ్వ ఆకుకు సున్నం ఎలా రాసేదో, వక్క ఎలా కొరికేదో వాణ్ణే చెప్పమనండి. చెప్తూ నవ్వినా సరే, ఏడ్చినా సరే. మీకు కన్నీళ్ళు వస్తే బాత్‌రూంలోకి పోకండి. ‘అవ్వ గుర్తొచ్చింది, అందుకే ఏడుపొచ్చింది’ అని చెప్పండి. ఏడవొచ్చు, ఏడ్చాక మామూలుగా వంట కూడా చేసుకోవచ్చు అని వాడు మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు.

నిజం చెప్పిన కొన్ని వారాలకు కూడా తిండి, నిద్ర కుదుటపడకపోయినా, ఆటలు పూర్తిగా మానేసినా, పిల్లల మానసిక వైద్యం తెలిసినవాళ్ళకు చూపించాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ఇంటి నుంచే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ‘నేనూ అవ్వ దగ్గరికి పోతా’ అని ఎప్పుడైనా అంటే కంగారుపడి నోరు మూయించకండి. ‘అవ్వ కావాలనిపిస్తోందా? ఎలా పోదామనుకుంటున్నావు?’ అని మెల్లగా అడగండి. చాలాసార్లు అది బెంగే. తనను తాను గాయపరచుకునే మాట గానీ ప్రయత్నం గానీ కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక మీవారి సంగతి. బిడ్డ అవ్వను పోగొట్టుకున్నాడు, ఆయన అమ్మను పోగొట్టుకున్నారు. షిఫ్టు దిగి వచ్చి ఆ సంచి కళ్ళబడితే తట్టుకోలేకే బీరువాలో పెట్టారేమో. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. బాబుకు చెప్పేముందు ఆయనకు వారాంతపు సెలవు వచ్చిన రోజు ఇద్దరూ కూర్చుని ఈ జవాబు చదువుకోండి. ఆయన సిద్ధంగా లేకపోతే మొదటి మాట మీరే చెప్పండి, ఆయన పక్కన కూర్చుంటే చాలు. ఆ సాయంత్రం బాబు మేడెక్కితే, ఈసారి ముగ్గురూ కలిసి ఎక్కండి.