అన్నకి బైపోలార్, చెల్లి దాని మీదే రీసెర్చ్ చేస్తానంటోంది. ఏ కోర్సులో చేర్చాలి?

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. రెండేళ్ల క్రితం మా బాబుకి 17 ఏళ్లప్పుడు బైపోలార్ డిజార్డర్ అన్నారు. ఇప్పుడు మందులు వాడుతూ డిగ్రీ చదువుతున్నాడు. అమ్మాయేమో పిల్లల్లో వచ్చే బైపోలార్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో అన్న రోజూ ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు అని రాస్తోంది, చూసి నాకు గుండె ఆగినంత పనైంది. ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో ఏఐ అండ్ న్యూరోసైన్స్ డిగ్రీ ఉందట, నెలాఖరులోగా 50 వేలు అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఇది మేలా, లాంగ్ టర్మ్ పెట్టించి ఎంబీబీఎస్ చేయించడం మేలా? ఇలాంటివి చదివితే దానికీ ఆ జబ్బు వస్తుందేమోనని భయం. బంధువులకి బాబుది థైరాయిడ్ అని చెప్పాం."

అమ్మా, మీరు చివర్లో రాసిన భయం గురించే ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ భయంతో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు, కోర్సు అని మొదలుపెడతారు, పది నిమిషాలయ్యాక అసలు మాట బయటికొస్తుంది. బైపోలార్ అంటే కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే జబ్బు, చదవడం వల్ల అది రాదు. ఇందులో జన్యువుల పాత్ర పెద్దదే, 2025లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ స్టడీ డీఎన్‌ఏలో దీనితో సంబంధం ఉన్న చోట్లు 298 గుర్తించింది, కానీ ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. అన్నకి ఉంటే చెల్లికి రిస్క్ మిగతావాళ్లకన్నా ఎక్కువే, అయినా అలాంటి తోబుట్టువుల్లో ఎక్కువమందికి రాదు. ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, నేనూ ఇవ్వను. ఒకవేళ ఏదైనా తేడా వచ్చినా దాన్ని ముందుగా గుర్తుపట్టే ఇల్లు మీది, ఎందుకంటే మీరు ఒకసారి చూసేశారు కదా.

ఇప్పుడు కొంచెం కోప్పడతాను, ఏమనుకోకండి. ఆ థైరాయిడ్ మాట ఎందుకమ్మా? ఊరందరికీ చెప్పమనట్లేదు, అది బాబు ఇష్టం. కానీ మీరు అబద్ధం చెప్తున్నప్పుడు బాబు పక్కనే ఉంటాడు కదా, 19 ఏళ్ల పిల్లాడికి ఏమర్థమవుతుంది, నా జబ్బు మా అమ్మకి పరువు తక్కువ అనేగా. అమ్మాయి ఈ సబ్జెక్టు పేరెత్తితే గుట్టు బయటపడుతుందని, రేపు సంబంధాలు రావని మీ భయం, ఉత్తరంలో రాయలేదు గానీ నాకు తెలుసు. దానికోసం పిల్ల చదువు మార్చకండి.

ఆ రికార్డు పేజీల సంగతి చూద్దాం. మీకు గుండె ఆగినంత పనైంది గానీ నాకు మాత్రం చాలా ముచ్చటేసింది. మానియా, అంటే ఆ పట్టరాని హుషారు దశ, మొదలయ్యేటప్పుడు తరచుగా కనిపించే గుర్తు నిద్ర తగ్గడమే, రెండు మూడు గంటలే పడుకుని అలసట లేకుండా తిరిగేస్తారు, అందుకే డాక్టర్లు రోజూ నిద్ర, మూడ్ ఎలా ఉన్నాయో మూడ్ చార్ట్ రాయమంటారు. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే అది పట్టుకుంది. కానీ ఒక్క ప్రశ్న, తను రాస్తున్నట్టు బాబుకి తెలుసా? తెలియకపోతే ఆపమనండి. మన దేశంలో వైద్య పరిశోధనలకి నియమాలు పెట్టే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం 12 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల మీద స్టడీ చేయాలంటే తల్లిదండ్రుల సంతకం ఒక్కటీ చాలదు, పిల్లల దగ్గర కూడా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మీ బాబైతే మేజర్, అతన్నే అడగాలి. ఈ రంగంలోకి వెళ్లాలనుకునే పిల్లకి మొదటి పాఠం ఇదే.

ఇక ఏఐ న్యూరోసైన్స్ డిగ్రీ. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి, కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అమెరికాలో 1994-95 నుంచి 2002-03 మధ్య, 19 ఏళ్లలోపు పిల్లలకి బైపోలార్ అని రాసిన డాక్టర్ విజిట్లు దాదాపు 40 రెట్లు పెరిగాయి. జబ్బు అంత పెరిగిందా? లేదు. ఎప్పుడూ చిరాకుగా ఉండి అరిచే పిల్లల్ని కూడా కొందరు డాక్టర్లు బైపోలార్ కింద లెక్కేశారు. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐఎమ్‌హెచ్‌లో ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ టీమ్ అలాంటి పిల్లల్ని కొన్నేళ్లు ఫాలో అయి చూస్తే, వాళ్లు పెద్దయ్యాక ఎక్కువగా డిప్రెషన్, యాంగ్జైటీ వైపు వెళ్లారు గానీ బైపోలార్ వైపు కాదు. 2013లో మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎమ్-5 ఆ పిల్లలకి డీఎమ్‌డీడీ అని వేరే పేరు పెట్టింది. పిట్స్‌బర్గ్‌లో బోరిస్ బిర్మాహెర్ వాళ్లు 2000లో మొదలుపెట్టిన కోబీ స్టడీ కూడా ఇలాంటిదే, బైపోలార్ ఉన్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 400 మందికి పైగా, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు. ఈ రోజుకీ బైపోలార్‌ని తేల్చే బ్లడ్ టెస్ట్ గానీ స్కాన్ గానీ లేదు. మరి 2000 ప్రాంతంలో అమెరికాలో రాసిన ఆ డయాగ్నోసిస్‌లన్నీ ఒక మెషీన్‌కి నేర్పిస్తే అది ఏం నేర్చుకుంటుంది? ఆ డాక్టర్లు చేసిన పొరపాటే నేర్చుకుంటుంది. జబ్బున్న పిల్లాడి ఎదురుగా కూర్చుని, వాళ్లమ్మతో విడిగా మాట్లాడి, ఇది చిరాకా మానియానా అని తేల్చగలిగే మనిషి ముందు కావాలి.

ఏఐ వద్దని కాదు, స్టాటిస్టిక్స్, కోడింగ్ తప్పకుండా నేర్చుకోవాలి, కానీ అవి తర్వాతైనా వస్తాయి. పద్దెనిమిదేళ్లకే ఆ పేరున్న డిగ్రీలో చేరి, నాలుగేళ్లలో ఒక్క పేషెంట్‌ని కూడా చూడకుండా బయటికొచ్చి, చివరికి మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు తెలుసు. ఆ ఉద్యోగం చెడ్డదని కాదు, వాళ్లు వెళ్లాలనుకున్నది అక్కడికి కాదు, అంతే. పాంఫ్లెట్ మీద మెదడు బొమ్మ చూసి డబ్బు కట్టకండి. ఆ డిపార్ట్‌మెంట్‌లో సైకియాట్రీ ట్రైనింగ్ ఉన్న ఫ్యాకల్టీ ఎంతమంది, ఏ హాస్పిటల్‌లో పోస్టింగ్ అని ఫోన్ చేసి అడగండి, జవాబు తిన్నగా రాకపోతే మీకే అర్థమవుతుంది.

ఎంబీబీఎస్ దారి అయితే పొడుగు. ఐదున్నరేళ్లు, మీద ఎండీ సైకియాట్రీ మూడేళ్లు, ఆ మీద బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ లాంటి చోట చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీలో డీఎమ్ ఇంకో మూడేళ్లు. నీట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. సీటొస్తే ఇదే బలమైన దారి, లాంగ్ టర్మ్ ఒక్కసారికి సరే, రెండోసారి, మూడోసారి మాత్రం పెట్టకండి, బాబు విషయంలో అంత చూశాక ఇంకో పిల్లని ఒత్తిడిలోకి తోయడం నాకు ఇష్టం లేదు. సీటు రాకపోతే దారి మూసుకుపోదు. బీఎస్సీ సైకాలజీ గానీ లైఫ్ సైన్సెస్ గానీ రెగ్యులర్‌గా చదివి పీజీ చేసి పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు. క్లినికల్ సైకాలజీ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఎక్కడా చేర్చొద్దు, డిస్టెన్స్‌లో సైకాలజీని 2025 నుంచి యూజీసీ ఆపేసింది కాబట్టి అటు అసలు చూడొద్దు. నిమ్హాన్స్‌లో ఒకే కుటుంబంలో చాలామందికి మానసిక జబ్బులున్న వాళ్లని తరాల వారీగా ఫాలో అయ్యే ప్రాజెక్టు ఉంది, అందులో బైపోలార్ కూడా ఉంది. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ కూడా పిల్లల మెదడు, ప్రవర్తన మీద జరిగిన ఒక పెద్ద స్టడీకి సెంటర్‌గా ఉంది, అది బైపోలార్ మీద కాదు గానీ ఇలాంటి పని మన దగ్గర జరగదని అమ్మాయి అనుకోకూడదని చెప్తున్నా. ఇలాంటి ప్రాజెక్టుల్లో డాక్టర్లు, సైకాలజిస్టులు, జెనెటిక్స్ వాళ్లు అందరూ కలిసే పనిచేస్తారు.

ఇంకో విషయం, అన్న కోసం బతకడమే తన పని అని అమ్మాయి అనుకోకుండా చూడండి. రెండేళ్ల తర్వాత బోటనీ నచ్చిందంటే బోటనీ చదవనివ్వండి.

ఈసారి బాబుని చెకప్‌కి తీసుకెళ్లేటప్పుడు, అతను సరేనంటే అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, ఆ డాక్టర్‌నే తన ప్రశ్నలు అడగమనండి. రాత్రిపూట మీకే భయం ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రికార్డు బుక్కు అమ్మాయి చేతే బాబుకి ఇప్పించండి, రాయనా వద్దా అని తననే అడగమనండి. బాబు ఏమన్నాడో నాకు రాయండి, ఆప్షన్స్ లిస్టు అప్పుడు కూర్చుని వేద్దాం. ఆ 50 వేలు మాత్రం ఈ నెల కట్టకండి.