పాటలకు ముందు వైరు చూడు

తిరుపతి,
ఆదివారం

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు కారు కొన్నావని చెప్పింది. పాత వ్యాగనారే అయితే ఏం, మన ఇండ్లల్లో సొంతంగా కారు కొన్న మొదటోడివి నువ్వే. నేను ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టుకున్నాను గానీ అన్నీ ఒకరి బండ్లే. మీ అత్త వంటింట్లోకి పోయి గుప్పెడు చక్కెర తెచ్చి నా నోట్లో పోసేసింది, షుగర్ సంగతి ఇద్దరికీ గుర్తుకు రాలేదు. అంతలో మీ అమ్మ ఇంకో మాట అనింది. 'ముందు పాటల సెట్టు పెట్టిస్తాడంట, వెనక ఏందో డబ్బా పెట్టి బండి అదిరేట్టు చేస్తాడంట' అని. దాంతో చక్కెర చేదైపోయింది. ముసలోడికి భయం జాస్తి అనుకుంటావు. అనుకో, కానీ ఇది చదివినాకే అంగడికి పో.

సెట్టు సంగతి తొందరగా ముగిస్తా. డ్యాష్‌బోర్డులో సెట్టు పెట్టే ఖాళీ సింగిల్ డిన్నా, డబుల్ డిన్నా (అది సెట్టు సైజు లెక్క) చూసుకో. వెడల్పు రెండిటికీ ఏడంగుళాలే, ఎత్తులోనే తేడా, ఒకటి రెండంగుళాలు, ఇంకొకటి నాలుగు. చౌక ఆండ్రాయిడ్ స్క్రీన్ జోలికి పోవద్దు. అట్టపెట్టె మీద రాసినంత ర్యామ్ లోపల ఉండదు, సెట్టింగ్స్‌లో కూడా అబద్ధమే చూపించేవి ఉంటాయి. సౌండుకు తిప్పే బటన్ ఉండేది కొను. మలుపులో చూపు రోడ్డు మీద పెట్టి చేత్తో తడుముకుంటే అందాల. వేలితో గాజు మీద గీకే పని ఘాట్‌లో పనికిరాదు.

పెట్టె మీద '50 ఇంటూ 4 వాట్స్' అని ఇంతింత అక్షరాలు వేసుంటారు. అది పీక్ లెక్క, ఒక్క క్షణం మాత్రం ఇచ్చే పవర్. కింద ఆర్ఎంఎస్ అని, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్, సన్నంగా ఉంటుంది చూడు, ఛానెల్‌కు 15, 20 ఆ చుట్టుపక్కలే. సెట్టు అసలు బలం అంతే. కాబట్టి స్పీకరు ఎన్ని వందల వాట్లని కాదు, సెన్సిటివిటీ ఎంతని అడుగు, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా పలుకుతుందని. 90 డెసిబెల్స్ దాటితే సంతోషం. 3 డెసిబెల్స్ జాస్తి ఉండేది సగం పవర్‌తోనే అంతే గట్టిగా పలుకుతుంది.

పదిహేను వేలు పెట్టుకున్నావంట. ముందు డోర్లకు ఒక జత మంచివి చాలు, వెనకవి బోనస్ వచ్చినాక చూద్దువు. మిగిలిన దుడ్లతో డోరు రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్ అంటించుకో. కొనేముందు డోరు ప్యానెల్ విప్పించి, గ్లాసు పూర్తిగా కిందికి దించి, లోతు కొలవమను. స్పీకరు వెనక అయస్కాంతం గ్లాసుకు తగిలేట్టుంటే ఆ స్పీకరు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇప్పుడు అసలు మాట.

1998. నేను నడిపేది ఓనరుది అంబాసిడర్. కుర్రతనం, బండ్లో పాటలు దద్దరిల్లితే బాడుగలు జాస్తి వస్తాయని నమ్మకం. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి సౌండు బలం పెంచే యాంప్లిఫయర్ ఒకటి తెచ్చినాను. ఓనర్ని అడగలేదు, మెకానిక్‌కు చూపించలేదు. ఇంట్లో ఫ్యానుకు వాడగా మిగిలిన వైరు ఉంటే బ్యాటరీ నుంచి నేరుగా లాగినాను. ఇంజన్ గదికీ లోపలికీ మధ్య రేకులో ఒక బొక్క ఉంటే దాంట్లోంచి దూర్చేసినాను. ఫ్యూజు పెట్టలేదా అంటే పెట్టినాను. డ్యాష్‌బోర్డు కింద, చేతికి అందే చోట. పోతే మార్చుకునేదానికి సులువు గదా అని.

నెల రోజులు రాజభోగం. నేను బండి ఆపితే పక్క డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి వినేవాళ్ళు.

ఆ నెలాఖర్లో కొండకు పోయి దిగుతా ఉండాం. 1974లో ఎక్కేదానికి కొత్త రోడ్డు వచ్చినాక దిగేది పాత ఘాట్‌లోనే గదా. నడకదారి రోడ్డు పక్కకే వచ్చే తావు ఒకటుంది చూడు, ఆడికి వచ్చినాక కాలిన ప్లాస్టిక్ వాసన. ముందు పోయే లారీదేమో అనుకున్నాను. తరువాత నా కుడి పాదం మీద ఏదో చుర్రుమనింది. వంగి చూస్తే వైరు తొడుగు కరిగి చుక్కచుక్కగా కారతా ఉంది, లోపలి రాగి ఎర్రగా నిప్పుకడ్డీ మాదిరి. బండి అదురుకు రేకు అంచు రోజూ కొంచెం కొంచెం కోసి, ఆ పొద్దు రాగికి తగిలింది. నా ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. కరెంటు దాని దాకా వస్తే గదా అది పోయేది! దారిలోనే రేకులోకి దిగిపోతా ఉండాది.

బండి పక్కకు తీసి బానెట్ ఎత్తి, టవల్ చేతికి చుట్టుకుని ఆ వైరు పట్టి పీకేసినాను. నడిచి ఎక్కేవాళ్ళు ఇద్దరు ఇసక చల్లినారు. నా కుడి అరచేతిలో గీత చూసి చిన్నప్పుడు అడిగేవాడివి, 'మామా, ఇది ఆయుష్షు రేఖా' అని. ఆ వైరు గీసిన గీత రా అది.

వెనక సీట్లో ఉండింది మీ అమ్మ. నీ పుట్టెంట్రుకలు తీయించుకుని దిగతా ఉండాం ఆ పొద్దు. గుండుకు గంధం పూసుకుని, అమ్మ ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోతా ఉండావు. పొగ చూసి అది అరిస్తే రేడియేటర్ వేడెక్కిందని చెప్పినాను. ఇప్పటికీ దానికి అదే తెలుసు. నువ్వూ చెప్పొద్దు, ఈ వయసులో నాకు తిట్లు తినే ఓపిక లేదు.

అందుకని చెప్తా ఉండా. ఫ్యూజు ఉండేది సెట్టును కాపాడేదానికే అనుకోవద్దు, వైరును కాపాడేదానికి. యాంప్లిఫయర్ పెట్టే పనైతే బ్యాటరీ నుంచి మూరెడు లోపలే ఫ్యూజు ఉండాల, రేకు బొక్కలో అంచు వైరును కోయకుండా గ్రోమెట్ అనే రబ్బరు రింగు ఉండాల, వైరు దానికని అమ్మే లావు రాగి వైరే ఉండాల. ఫ్యూజు ఊరికే పోతా ఉందని సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టిన మహానుభావుల్ని చూసినాను. నువ్వు ఆ పని చేసినావని తెలిస్తే నీ బండి ఎక్కను.

ఉత్త సెట్టు, స్పీకర్లే అయితే బ్యాటరీ దాకా పోయే పని లేదు. కంపెనీ వైర్లు కత్తిరించనీయొద్దు, వాటికి నేరుగా తగిలించే కప్లర్ నీ బండికి సరిపోయేది దొరుకుతుంది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేదానికి, ఎరుపు తాళం తిప్పితే వచ్చేదానికి. తొందర్లో రెండూ కలిపి మెలేసేస్తారు. అట్ల చేస్తే తాళం తీసినా సెట్టు ఆగదు. నువ్వు ఆపడం మర్చిపోయిన రోజు బ్యాటరీ కూర్చుంటుంది, తెల్లారి శ్రీసిటీ షిఫ్టుకు బండి తోసుకుంటా పోవాల. అతుకులకు టేపు వద్దు, మన ఎండలకు జిగురు కారి ఊడొస్తుంది. టంకం వేసి స్లీవు తొడగమను.

స్పీకర్లు బిగించే ముందు ఒక పెన్సిల్ సెల్లు తీసుకుని రెండు కొసలకూ తగిలించు. కాగితం గిన్నె బయటికి పొంగితే సెల్లు ప్లస్ తగిలిందే స్పీకరు ప్లస్. ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తిరగబడితే ఎంత ఖరీదుదైనా బేస్ పలకదు, అంగడోడేమో పెద్ద సెట్టు కొనమంటాడు.

ఘాట్‌లో సౌండు తగ్గించు. వెనకోడి హారన్ వినపడాల. అద్దాలు దించితే గాలికి తోడు గోవింద నామం కూడా వినిపిస్తుంది, దానికి స్పీకరు అక్కర్లేదు.

అయినా ఇంతా రాసి నిన్ను ఒక్కణ్ణే పంపుతానా? వచ్చే ఆదివారం బండి తీసుకుని రా. అంగడికి నేనూ వస్తా, గమ్మున ఒక మూల స్టూలు మీద కూర్చుంటా, వైర్లు కలిపేటప్పుడు మాత్రమే లేస్తా. మీ అత్త సంగటి చేస్తానంటా ఉంది. పెన్సిల్ సెల్లు నా రిమోట్‌లో ఉండేది పీకి జేబులో వేసుకుంటా.

మీ మామ